డెర్బీ నుంచి బండలాగుడు దాకా: తెలివి ఎవరిది, సొమ్ము ఎవరిది?

గుర్రప్పందేల మీద తెలుగులో వచ్చే రాతలు ఎక్కువగా రెండు రకాలు. ఒకటి రేపటి రేసుల్లో ఏ గుర్రం గెలుస్తుందో చెప్పే అంచనాల పట్టిక. రెండోది రేసుల పిచ్చిలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న మనిషి కథ. మొదటిది పందెం కాసేవాడి కోసం, రెండోది వాడి ఇంట్లోవాళ్ల కోసం. రేసు చూసేవాళ్లు ఏం మాట్లాడుకుంటారు, ఆ మాటల్లో తెలివి ఎంత, ఆ తెలివికి పందెంలో దక్కేది ఎంత, చట్టం దేన్ని ఒప్పుకుని దేన్ని కాదంటోంది అన్నవి మాత్రం ఎవరూ ఒకచోట పెట్టి చూడరు. ఈ వ్యాసం ఆ పని కోసమే.

మార్కాపురం దగ్గరి పెద్దారవీడు వైపు వాళ్లకు డెర్బీ అనే పెద్ద గుర్రప్పందెంతో ఏం పని అని అడగొచ్చు. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో గుర్రప్పందేల క్లబ్బే లేదు. కానీ మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాల్లో వాన పడని ఏడు జనం దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ దాటి హైదరాబాద్ పనులకు పోతారు. బస్సు దిగే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు మలక్‌పేట రేస్‌కోర్స్ ఎంతో దూరం లేదు. రెండో సంగతి, ఇప్పుడు పందెం కాయడానికి అంత దూరం పోనక్కర్లేదు, చేతిలో ఫోన్ చాలు. మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: మనకూ ఒక గొప్ప పోటీ ఉంది. ఒంగోలు గిత్తల బండలాగుడు చూడటానికి వచ్చే జనానికి, డెర్బీ చూడటానికి వచ్చే జనానికి ఉన్న తేడా తెలిస్తే ఈ ప్రశ్నలో సగం విడిపోతుంది.

ముందు మలక్‌పేట సంగతి. హైదరాబాద్‌లో రేసులు మొదట మౌలాలీలో జరిగేవి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకు వచ్చాయి. ఆయన తర్వాత సికింద్రాబాద్‌కు మారి, 1968లో మళ్లీ మలక్‌పేటకు చేరాయి. అప్పటికి హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది. దేశంలో గుర్రప్పందేలను నడిపించే అధికారం ఉన్న ఐదు ప్రధాన క్లబ్బుల్లో ఇదొకటి. మిగతావి ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరుల్లో ఉన్నాయి. వానాకాలం సీజన్‌లో పెద్ద రేసు దక్కన్ డెర్బీ. 2,000 మీటర్ల ఈ రేసును సాధారణంగా అక్టోబర్ 2న పెడతారు. చలికాలంలో గోల్కొండ డెర్బీ. వీటన్నిటికీ పైన ముంబయి మహాలక్ష్మిలో ఫిబ్రవరిలో జరిగే ఇండియన్ డెర్బీ, 2,400 మీటర్లు. 1943లో మొదటిసారి జరిగినప్పుడు బరోడా మహారాజు గుర్రం ప్రిన్సెస్ బ్యూటిఫుల్ గెలిచింది. ఆ పేరు, ఆ పద్ధతి 1780లో ఇంగ్లండ్‌లోని ఎప్సమ్‌లో మొదలైన డెర్బీ నుంచి వచ్చినవి.

రేసులకు వాడేది థరోబ్రెడ్ జాతి. లోకంలో ఏ థరోబ్రెడ్ గుర్రం తండ్రి వరస వెనక్కి పట్టుకుంటూ పోయినా డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్, బయర్లీ టర్క్ అనే మూడు మగ గుర్రాల్లో ఒకదాని దగ్గర ఆగుతుంది. రేసు అభిమానుల మాటలు మొదలయ్యేది వంశం దగ్గరే.

రేస్‌బుక్ చేతిలో పట్టుకున్న మనిషిని దగ్గర నుంచి చూడాలి. ఒక్కో గుర్రానికి అందులో దొరికేది నాలుగైదు వరుసల చోటు. తండ్రి పేరు, తల్లి పేరు, వయసు, రంగు, మోయాల్సిన బరువు, జాకీ, ట్రైనర్, గేటులో ఎన్నో నంబరు, గత రేసుల్లో ఎన్నో స్థానం, ఎంత దూరం, ఎంత టైమ్ అన్నీ ఆ కాస్త చోటులోనే ఉంటాయి. తెలిసినవాడు దాన్ని జాతకం చదివినట్టు చదువుతాడు. తండ్రి దూరం పరిగెత్తిన గుర్రమైతే పిల్ల 2,000 మీటర్లు నిలబడుతుందా, పోయినసారి 1,400 మీటర్లలో చివర పుంజుకుని మూడోది వచ్చింది కాబట్టి ఈసారి దూరం పెరగడం దానికి మేలేనా, గెలిచిన గుర్రానికి, బరువులు నిర్ణయించే హ్యాండిక్యాపర్ ఎక్కించిన అదనపు బరువు కాళ్లు లాగేస్తుందా, రాత్రి కురిసిన వానకు ట్రాక్ మెత్తబడింది కదా, ఇది తడి నేల మీద పరిగెత్తిన గుర్రమేనా, పొద్దున ట్రాక్‌వర్క్‌లో జాకీ దాన్ని పట్టి ఉంచాడా వదిలాడా అని లెక్కలు వేస్తాడు. ఇందులో గాలి మాట ఒక్కటీ లేదు. జంతువు శరీరం, నేల, వాతావరణం, మనిషి నైపుణ్యం కలిపి చేసే లెక్క ఇది. దీన్ని పట్టుకుని జీవితాంతం చదివేవాళ్లను తక్కువ చేసి మాట్లాడటం తప్పు.

ఆ మాటలకు చీకటి పక్క కూడా ఉంది. అనుకున్న గుర్రం ఓడితే జాకీ లాగేశాడని, ట్రైనర్ దాన్ని ఈ రేసుకు దాచిపెట్టాడని, లోపలివాళ్లకు ముందే తెలుసని నిందలు మొదలవుతాయి. ఇలాంటివి చూడటానికే స్టీవార్డులు ఉంటారు, విచారణలు జరుగుతాయి, గుర్రాలకు మందుల పరీక్షలు చేస్తారు. నిందల్లో కొన్ని నిజం కావొచ్చు. కానీ చాలా నిందలు తన లెక్క తప్పిందని ఒప్పుకోలేక వచ్చేవే. రేసుల్లో ఎక్కువ డబ్బు పడిన ఫేవరిట్ గుర్రం గెలిచేది సుమారు మూడింట ఒకసారేనని ప్రపంచమంతా తెలిసిన విషయం. అంటే అందరూ కలిసి వేసిన అంచనా కూడా మూడింట రెండుసార్లు తప్పుతుంది. అమెరికాలో 1875 నుంచి జరుగుతున్న కెంటకీ డెర్బీలో, 2022లో, వేరే గుర్రం తప్పుకోవడంతో ఆఖరి నిమిషంలో చోటు దొరికిన రిచ్ స్ట్రైక్ 80కి 1 ధరతో (రూపాయికి 80) బరిలో దిగి గెలిచింది. మిగతావాటిని ఎవరు లాగేశారు, దీన్ని ఎవరు దాచారు?

ఇప్పుడు డబ్బు సంగతి. వ్యాసంలో నేను ఎక్కువ సేపు నిలబడదలిచింది ఇక్కడే.

టోట్ అనే టోటలైజేటర్ పద్ధతిని 1860ల్లో పారిస్‌లో జోసెఫ్ ఓలెర్ తెచ్చాడు. అందరి డబ్బూ ఒక కుండలో పోస్తారు, నిర్వాహకుడు తన వాటా తీసుకుంటాడు, మిగిలింది గెలిచిన టికెట్లవాళ్లకు పంచుతారు. విన్, ప్లేస్, క్వినెల్లా, టనాలా, జాక్‌పాట్ అని పేర్లు వేరైనా లెక్క ఇదే. ఇక్కడ నువ్వు పోటీ పడుతున్నది గుర్రంతో కాదు, క్లబ్‌తోనూ కాదు. పక్కనే నిలబడి అదే రేస్‌బుక్ చదువుతున్న వందలమందితో. నీకు తెలిసింది వాళ్లకూ తెలిసిందే అయితే ఆ తెలివికి విలువ లేదు, ఎందుకంటే అది అప్పటికే ధరలో కలిసిపోయింది. అందరికీ తెలియనిది నీకు తెలిసినప్పుడే లాభం. అదీ కుండలోంచి పోయే వాటాను దాటేంత తెలిసినప్పుడు.

ఆ పోయే వాటా ఎంత? గుర్రప్పందేల మీద జీఎస్టీ 2023 అక్టోబర్ 1 నుంచి పందెం పూర్తి విలువ మీద 28 శాతంగా స్థిరపడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతమైంది. లెక్క వేద్దాం. 100 రూపాయల పందెం కాయాలంటే చేతి నుంచి 140 పోతుంది. కుండలో పడేది 100. క్లబ్ కమీషన్ ఉదాహరణకు 10 అనుకుంటే పంచడానికి మిగిలేది 90. చేతి నుంచి పోయిన ప్రతి రూపాయికీ అందరికీ కలిపి సగటున తిరిగి వచ్చేది 64 పైసలు. వెయ్యి రూపాయలతో వచ్చి, వచ్చినదంతా మళ్లీ మళ్లీ పెట్టేవాడికి మూడో రేసు ముగిసేసరికి సగటున సుమారు 265 మిగులుతుంది. ఐదో రేసుకు 110. దీని మీద ఆదాయపు పన్ను ఒకటి. గెలిచిన మొత్తం మీద 30 శాతం కట్టాలి, ఓడిన సొమ్మును అందులోంచి తీసేసుకునే వీలు లేదు. నష్టం లేకుండా బయటపడాలంటేనే ఆ జనం సగటు కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బాగా లెక్క వేయగలిగి ఉండాలి. రేస్‌బుక్ ఎంత బాగా చదివినా ఆ తేడా పూడ్చడం మామూలు మనిషికి కాని పని.

పూడ్చినవాళ్లు అసలు లేరా? ఉన్నారు. 1980ల్లో బిల్ బెంటర్, అలన్ వుడ్స్ హాంకాంగ్‌లో కంప్యూటర్లు పెట్టి, ఒక్కో గుర్రం గురించిన ఎన్నో అంశాలను గణితంలోకి మార్చి, కోట్లు సంపాదించారు. నైపుణ్యం ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కానీ వాళ్ల లాభం ఎక్కడి నుంచి వచ్చింది? అదే కుండలో డబ్బు పోసిన కూలీ, గుమాస్తా, టాక్సీ డ్రైవర్ల నుంచే. ఇంకో సంగతి 1949లోనే అమెరికాలో ఒక మనస్తత్వ పరిశోధకుడు గమనించాడు: జనం గెలిచే అవకాశం బాగా తక్కువ ఉన్న గుర్రాల మీద వాటి విలువకు మించి డబ్బు పెడతారు. చిన్న సొమ్ముతో పెద్ద సొమ్ము వస్తుందన్న ఆశే దానికి కారణం. అప్పుల్లో ఉన్నవాడికి ఆ ఆశ ఇంకా ఎక్కువ. మిరప ధర పడిపోయిన ఏడు, బోరు ఎండిన ఏడు, మన ప్రాంతంలో ఆ ఆశకు లొంగే మనుషులు ఎంతమంది ఉంటారో చెప్పనక్కర్లేదు.

చట్టం దగ్గరికి వస్తే గందరగోళం ఎక్కువ. 1967లో సుప్రీంకోర్టు, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడే ఆట అంది. 1996 జనవరిలో, గుర్రప్పందేలను ఆపాలని తమిళనాడు చేసిన చట్టం మీద కె.ఆర్. లక్ష్మణన్ కేసులో, గుర్రప్పందెంలో గెలుపు ప్రధానంగా నైపుణ్యం మీదే ఆధారపడుతుందని తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ఆ తీర్పును అడ్డం పెట్టుకుని జరిగిన ప్రచారం అంతా ఇంతా కాదు. నైపుణ్యం అని కోర్టు చెప్పింది కాబట్టి ఆడితే గెలుస్తాం అని జనం అర్థం చేసుకున్నారు. కోర్టు చెప్పింది అది కాదు. ఇది శుద్ధ అదృష్టం మీద నడిచే జూదం కాదు, కాబట్టి జూదం చట్టం కింద నేరం కాదు అన్నంతవరకే దాని మాట. నైపుణ్యం ఉన్న ఆటలో నైపుణ్యం లేనివాడు ఓడతాడు కదా. ఆ మాట ఏ ప్రకటనలోనూ రాలేదు.

ఇక మన చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో 1974లో వచ్చిన గేమింగ్ చట్టం మట్కా, సట్టాలతో పాటు అన్ని రకాల పందేలనూ నిషేధించి, గుర్రప్పందేనికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపుకు షరతులు ఉన్నాయి. రేసు జరిగే రోజు, ప్రభుత్వ అనుమతితో స్టీవార్డులు అందుకని కేటాయించిన ఆవరణలో, లైసెన్సు ఉన్న బుకీ దగ్గర గానీ టోట్ ద్వారా గానీ కాసిన పందేనికే అది. మార్కాపురంలో టీ కొట్టు దగ్గర నిలబడి ఫోన్‌లో ఎవడో బ్రోకర్‌తో మలక్‌పేట రేసు మీద కాసే పందెం ఈ మినహాయింపులోకి రాదు. గుర్రప్పందెం చట్టబద్ధమే కదా అని నమ్మించేవాడు సగం చెప్పి సగం దాస్తున్నాడు.

దీనికంటే పాతది 1872 కాంట్రాక్టు చట్టం. దాని 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గుర్రప్పందేలకు అక్కడా ఒక మినహాయింపు ఉంది, కానీ అది గెలిచిన గుర్రానికి ఇచ్చే 500 రూపాయలు, అంతకు మించిన బహుమతికి చందాలు వేసుకోవడం గురించే. అంటే నువ్వు గెలిచిన సొమ్మును బుకీ ఎగ్గొడితే నీకు కోర్టు దిక్కు కాదు. అప్పు చేసి ఆడి ఓడినవాడి దగ్గరికి వసూలుకు మాత్రం మనుషులు వస్తారు. రావడానికి వాళ్లకు కోర్టు అక్కర్లేదు.

ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఇది సరైన దారి అని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ తేడా ఆటగాడిని కాపాడటానికి ఎప్పుడూ పనికిరాలేదు, వ్యాపారిని కాపాడటానికే పనికొచ్చింది.

పందెం తీసేస్తే రేసు చూడటానికి ఎవరు వస్తారు అని క్లబ్బులవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నకు రెండు జవాబులు ఉన్నాయి. ఒకటి 1973లో అమెరికాలో జరిగింది. బెల్మాంట్ రేసులో సెక్రెటేరియట్ అనే గుర్రం రెండో గుర్రం కంటే 31 గుర్రాల పొడవు ముందు గెలిచింది. దాని మీద రెండు డాలర్ల టికెట్ కొన్నవాళ్లకు వచ్చేది రెండు డాలర్ల 20 సెంట్లు. ఐదు వేల ఆరువందలకు పైగా టికెట్లను జనం డబ్బు చేసుకోకుండా దాచుకున్నారు. ఆ గుర్రం పరుగు చూశామన్న గుర్తే వాళ్లకు కావాల్సింది. అలాగే ఆస్ట్రేలియాలో 1861 నుంచి జరుగుతున్న మెల్‌బోర్న్ కప్ రోజు ఆ ఊళ్లో సెలవు. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు కూడా ఆఫీసుల్లో తలా కొంత వేసుకుని చీటీలు తీసి, ఎవరికి వచ్చిన గుర్రం కోసం వాళ్లు అరుస్తారు. అక్కడా పందేల సమస్య పెద్దదే. ఆ చీటీల సంబరం మాత్రం వేరు.

రెండో జవాబు మన ఊళ్లలోనే ఉంది.

సంక్రాంతికో, శివరాత్రికో, ఉగాదికో, ఊరి తిరునాళ్లకో మన ప్రాంతంలో బండలాగుడు పోటీలు పెడతారు. కరపత్రాల మీద ఒంగోలు జాతి వృషభరాజముల బలప్రదర్శన అని వేస్తారు. పాల పళ్ల గిత్తలకు ఒక విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు, ఇలా పళ్లను బట్టి వయసు కట్టి విభాగాలు చేస్తారు. ఒక్కో విభాగానికి బండ బరువు వేరు. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జతదే గెలుపు. దూరం అడుగుల్లో, అంగుళాల్లో కొలుస్తారు. కాడి మెడ మీద పడగానే గిత్తల మూపురాలు బిగుస్తాయి, ముందు కాళ్లు వంగుతాయి, బండ ముందు కదలదు, తర్వాత ఒక్క కుదుపుతో లేస్తుంది. మైకులో యజమాని పేరు, ఊరి పేరు మోగుతుంటాయి. గట్టు మీద కూర్చున్న రైతులు వలపటి గిత్త బలమైంది కానీ దాపటిది అడుగు కలపడం లేదని, మలుపు దగ్గర తోలేవాడు తొందరపడ్డాడని, పోయిన నెల ఫలానా ఊళ్లో ఈ జతే ఇంతకంటే ఎక్కువ లాగిందని చెప్పుకుంటారు. తండ్రి ఎవరి ఆంబోతో కూడా చెబుతారు. మలక్‌పేట స్టాండ్‌లో వినిపించే తెలివి, ఇక్కడ గట్టు మీద వినిపించే తెలివి ఒకే జాతివి. ఇక్కడి బహుమతి మాత్రం ఊళ్లో దాతలు ఇచ్చేది. చూసేవాడు టికెట్ కొనడు, టోట్ లేదు, బుకీ లేడు. అయినా ఎర్రటి ఎండలో పొద్దుగూకే దాకా జనం కదలరు. పందెం లేకపోయినా చూసేవాళ్లు ఉంటారనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

ఈ గిత్తల విలువ మనకంటే ముందు లోకం గుర్తించింది. బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో ఉన్న పశుసంపదంతా ఒంగోలు జాతి నుంచి పెరిగిందే.

అయినా నిశ్చింతగా ఉండటానికి లేదు. కొన్నిచోట్ల బరి పక్కనే జతల మీద డబ్బు చేతులు మారడం మొదలైంది. పోటీని వీడియో తీసి పంపితే ఊరు దాటి పందేలు కాసేవాళ్లు తయారవుతారు. పందెం మనకు కొత్త కాదు. పక్కనే ఉన్న పల్నాడులో బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెం చివరికి యుద్ధానికే దారితీసిందని, ఓడినవాళ్లు ఏడేళ్లు ఊరు విడిచిపోయారని అక్కడి చిన్నపిల్లలకూ తెలుసు. డబ్బు చేరిన చోట మొదట దెబ్బ తగిలేది మూగజీవానికి. కాసినవాడు దూరం కోసం అరుస్తాడు, తోలేవాడి చెర్నాకోల వేగం పెరుగుతుంది. గుర్రాల విషయంలో మెత్తటి కొరడా మాత్రమే వాడాలని, ఇన్నిసార్లకు మించి కొట్టకూడదని నిబంధనలైనా ఉన్నాయి. అన్ని నిబంధనలు ఉన్నచోట కూడా రేసులకు పనికిరాని గుర్రాలకు దిక్కు ఉండదు. 2025లో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్ తరలించిన గుర్రాలు ఒకదాని తర్వాత ఒకటి చనిపోతే విషయం మధ్యప్రదేశ్ హైకోర్టుకు చేరింది. ఎద్దుల పోటీల మీద 2014లో సుప్రీంకోర్టు కఠినంగా తీర్పు చెప్పింది. 2023 మే నెలలో, ఆ పోటీలకు మళ్లీ వీలు కల్పిస్తూ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. ఆ సవరణలు నిలబడింది జంతువుల బాధ తగ్గించే నిబంధనలు వాటిలో ఉన్నందుకే అని మన నిర్వాహకులు గుర్తుంచుకోవాలి.

నా తీర్పు ఇది. రేసు అభిమానిది నిజమైన విద్య. టోట్ కుండ ఆ విద్యకు కూలి ఇవ్వదు, దాన్ని ఎరగా వాడుకుంటుంది. 40 శాతం పన్ను వేసినంత మాత్రాన ప్రభుత్వం జనాన్ని కాపాడినట్టు కాదు. పన్ను లేని దొంగ బుకీ దగ్గరికి పోయే దారి మూయనంత కాలం అది ఇంకో రకం నష్టం.

పెద్దారవీడు, మార్కాపురం, గిద్దలూరు మండలాల తిరునాళ్ల కమిటీలకు నా విన్నపం ఒకటే. మలక్‌పేట నుంచి టోట్ వద్దు, రేస్‌బుక్ తెచ్చుకోండి. ప్రతి జత వయసు, పళ్లు, వంశం, ఇంతకు ముందు ఏ ఊళ్లో ఎంత బండ ఎంత దూరం లాగిందో చిన్న పుస్తకంగా అచ్చేసి బరి దగ్గర పంచండి. పశువైద్యుడు చూసి ఒప్పుకున్న జతనే కాడి కట్టనివ్వండి. చెర్నాకోలకు హద్దు ముందే మైకులో చెప్పండి. పందెం కాసేవాళ్లు కనబడితే, ఊరివాళ్లయినా చుట్టాలైనా, ఆ రోజుకు పోటీ ఆపేయండి.